ఎవరూ పుచ్చుకోని మందులు

కూరల కొట్టు యొంగ్‌రాన్‌కు కోపం ఎక్కువని పేటలో అందరూ అనేవారు. సోయాలో ఉడికించిన తామరదుంపలు, తీపికారం పట్టించిన నెత్తళ్ళు, నువ్వులనూనె కలిపిన పాలకూర పళ్ళాల్లో సర్ది పెడితే, కొనకుండా మూతలెత్తి వాసన చూసి పోయేవాళ్ళను ఆమె ఊరికే వదిలేది కాదు. భర్త సొక్‌హో ఇందుకు పూర్తిగా ఎదురు. సిటీ బస్సు నడిపేవాడు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. ఇద్దరూ ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఎలా నెగ్గుకొస్తున్నారని చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ శరదృతువులో ఒకరోజు పొద్దున యొంగ్‌రాన్ కొట్టు తెరిచి ఉడికించిన పాలకూరలో నీళ్ళు పిండుతుండగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. సొక్‌హో నడుపుతున్న బస్సు చేపల మార్కెట్ వెనక వీధిలో కాలిబాట ఎక్కి, ఎండుచేపల కొట్టు షట్టర్‌ను గుద్దేసింది. కొట్టు ఇంకా తెరవలేదు కాబట్టి లోపల ఎవరూ లేరు. బస్సులో ఉన్న కొద్దిమందిలో వలలు బాగుచేసి బతికే ఒక్‌జు అనే ఆవిడ సీటు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

యొంగ్‌రాన్ ఏప్రన్ కూడా విప్పకుండా ఆస్పత్రికి పరుగెత్తింది. సొక్‌హో చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. మనిషి చెమటలో తడిసి ముద్దయి ఉన్నాడు. ఇతనికి షుగర్ జబ్బు ఉందా అని డాక్టరు అడిగాడు. లేదంది. మరి షుగర్ మాత్ర వేసుకున్నవాడిలా రక్తంలో చక్కెర ఇంతలా పడిపోయిందేమిటి, పొద్దున ఏం తిన్నాడు, ఏం మింగాడు అని అడిగాడు. సొక్‌హో కళ్ళు తెరవకుండానే, కాఫీ తాగానని, నడుంనొప్పికి ఒక పొట్లం వేసుకున్నానని చెప్పాడు.

అతని ప్యాంటు జేబులో ఖాళీ పొట్లం దొరికింది. ఒక పూటకు వేసుకోవాల్సిన మాత్రలన్నీ కలిపి, మందుల కొట్టువాళ్ళు దండలా అతికించి ఇచ్చే పారదర్శకపు పొట్లాల్లో ఒకటి. దాని మీద అచ్చయిన పేరు సొక్‌హోది కాదు. ఓ జంగ్‌సిక్, ఉదయం, భోజనానికి ముందు అని ఉంది.

ఓ జంగ్‌సిక్ కిందటేడు చలికాలంలోనే చనిపోయాడు. యొంగ్‌రాన్ వాళ్ళు ఉండే అపార్ట్‌మెంటులోనే నాలుగో అంతస్తు మనిషి, చాలా ఏళ్ళుగా షుగర్ రోగి. ఆయన భార్య బునీ పెద్దమ్మ ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఆమె తలుపు తడితే ఏదో ఒక మందు దొరుకుతుందని బిల్డింగులో అందరికీ తెలుసు. జలుబుకు, అజీర్ణానికి, నిద్ర పట్టకపోతే, మోకాలు పీకితే అందరూ ఆమె దగ్గరికే వెళ్ళేవారు. యొంగ్‌రాన్ కూడా ఒకసారి కడుపునొప్పికి తెచ్చుకుని వేసుకుంది. ఆ సంగతి ఆమెకు ఆ పూట గుర్తు రాలేదు.

సొక్‌హోకు ప్రమాదం తప్పిందని చెప్పాక ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంది. వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా ఇంటికొచ్చి, లిఫ్టు లేని ఆ మెట్లు ఆగకుండా ఎక్కేసింది.

బునీ పెద్దమ్మ వంటింట్లో చాప మీద కూర్చుని ముల్లంగి ఆకులు తుంచుతోంది. తలుపు తీసే ఉంది.

"నా మొగుణ్ణి చంపుదామనుకున్నావా పెద్దమ్మా?" అంది యొంగ్‌రాన్.

ముసలామె తెల్లబోయి చూసింది. అప్పటికి ఆమెకు ఏమీ తెలియదు. నడుం పట్టేసిందని నిన్న సాయంత్రం వచ్చాడనీ, తను వాడే పొట్లమే ఇచ్చాననీ, అది తనకు బాగా పనిచేస్తుందనీ చెప్పబోయింది. యొంగ్‌రాన్ ఖాళీ పొట్లాన్ని ఆమె ముఖం ముందు పెట్టింది.

"నీది కాదు, మీ ఆయనది. షుగర్‌ది. బస్సు తీసుకెళ్ళి కొట్టుకు గుద్దాడు. ఒకావిడ చెయ్యి విరిగింది. ఆ పక్క బడిపిల్లలు నడిచి వెళ్ళే దారి అది, తెలుసా నీకు?"

బునీ పెద్దమ్మ పొట్లాన్ని దూరంగా పట్టుకుని, కిటికీ వైపు తిప్పి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని చదివింది. చదివాక దాన్ని చాప మీద పెట్టింది. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. యొంగ్‌రాన్ ఊరుకోలేదు. మందులెక్కడ అని అడిగి, జవాబు కోసం చూడకుండా తనే బీరువా తెరిచింది. బిస్కట్ డబ్బాలు, కిమ్చీ పచ్చడి డబ్బాలు, చెప్పుల పెట్టెలు, అన్నిటి నిండా మందులే. దండలు దండలుగా పొట్లాలు, సగం వాడిన అట్టలు, అడుగున గడ్డకట్టిన సిరప్ సీసాలు, ఎండిపోయిన ఆయింట్‌మెంట్లు, తేదీ ఎప్పుడో దాటిపోయిన కంటిచుక్కలు. అన్నీ చాప మీద కుమ్మరించి, చేతికి అందినన్ని పోగుచేసుకుని బాత్రూము వైపు నడిచింది.

"అందులో పొయ్యకు," అంది ముసలామె.

"ఏం? ఇంకా దాచుకోవాలనుందా? ఇంకెవరికైనా ఇవ్వాలా?"

"అది పోయేది సముద్రంలోకే హేయిన్ అమ్మా. మురుగు శుభ్రం చేసి వదిలినా మందు మాత్రం పూర్తిగా పోదట. ఆ తీరపు బురదలో గుల్లలు తవ్వి నా పిల్లల్ని పెంచాను. నీ కొట్లో గుల్లల కూర కూడా అక్కడిదే."

హేయిన్ యొంగ్‌రాన్ కూతురు, వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఆ పేటలో ఆడవాళ్ళను పిల్లల పేరుతోనే పిలుస్తారు. అంత కోపంలోనూ ఆ పిలుపు వినగానే యొంగ్‌రాన్ చెయ్యి ఆగింది. ఆగినందుకు తన మీద తనకే మండింది. అయితే చెత్త సంచిలో పడెయ్యొచ్చుగా, ఇన్నాళ్ళు ఎందుకు పెట్టుకున్నావని నిలదీసింది. ముసలామె గొంతు పెంచకుండా ఒక్కొక్కటే చెప్పింది. చెత్త సంచుల్ని పిల్లులు చించుతాయి. కింద ఆడుకునే పిల్లలు రంగుమాత్రలు చూస్తే నోట్లో పెట్టుకుంటారు. అందుకే భర్త పోయిన కొత్తలోనే సంచీ కట్టుకుని మెంగ్ మందుల కొట్టుకు వెళ్ళింది. అతను తీసుకోలేదు, పేట ఆఫీసుకు వెళ్ళమన్నాడు. ఆఫీసులో ఆ వేళ కుదరదు, తరవాత తెమ్మన్నారు. తరవాత తీసుకెళ్తే అసలు పాత మందులు వేసే డబ్బానే ఎత్తేశామన్నారు. ఆ మెట్ల మీదే మళ్ళీ పైకి మోసుకొచ్చుకుంది.

"తీసుకోకపోతే? ఊరందరికీ పంచిపెట్టేస్తావా?"

బునీ పెద్దమ్మ ఒళ్ళో ఉన్న ముల్లంగి ఆకును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఆయన పోయాక నా తలుపు కొట్టినవాళ్ళంతా మందు కోసమే కొట్టారమ్మా. లేదని ఎలా చెప్పను?"

ఆ మాటకు జాలిపడాలో ఇంకా మండిపడాలో యొంగ్‌రాన్‌కు తెలియలేదు. మండిపడడమే ఆమెకు అలవాటు. "లే. చెప్పులేసుకో. నువ్వూ రా," అంది.

క్యాబేజీలు తెచ్చుకునే నీలం సంచీలో అన్నీ నింపి భుజాన వేసుకుని ఆమె ముందు నడిచింది. బునీ పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని వెనక వచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ముసలామె వెనకబడినప్పుడు యొంగ్‌రాన్ ఆగేది కానీ తిరిగి చూసేది కాదు.

మెంగ్ మందుల కొట్టు అద్దాల తలుపు మీద, కాలం చెల్లిన మందులు ఇక్కడ తీసుకోబడును అని పచ్చరంగు స్టిక్కరు ఉంది. మెంగ్ సంచీని చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. కుదరదన్నాడు. పోగైనవి తీసుకెళ్ళే బండి నెలల తరబడి రాలేదనీ, కావాలంటే చూసుకోమనీ వెనక గది తలుపు తెరిచాడు. అబద్ధం కాదు. పైకప్పు దాకా సంచులు. తియ్యగా పులిసిన సిరప్ వాసన గుప్పుమంది. భోజనం కూడా అక్కడే చేస్తున్నానని చెప్పాడు.

"మందులమ్మేవాణ్ణి నేను, చెత్త మోసేవాణ్ణి కాదు," అన్నాడు.

"అమ్మేటప్పుడు మందు, మిగిలితే చెత్తా? మరి తలుపు మీద ఈ రాతలెందుకు?"

అది తాను అంటించింది కాదనీ, మునిసిపాలిటీవాళ్ళు వచ్చి అంటించిపోయారనీ మెంగ్ అన్నాడు. అయితే నీకు అక్కర్లేదన్నమాట అని యొంగ్‌రాన్ తలుపు దగ్గరికి వెళ్ళి గోళ్ళతో ఆ స్టిక్కరును గీకడం మొదలుపెట్టింది. ఒక మూల చిరిగింది. మిగతాది మొత్తంగా ఊడొచ్చింది. మెంగ్ వెనక నుంచి అరుస్తున్నాడు. కొట్లోని ఇద్దరు ముగ్గురు నోరు తెరుచుకుని చూస్తున్నారు. స్టిక్కరును అరచేతికి అతికించుకునే ఆమె పేట ఆఫీసు వైపు నడిచింది.

ఆఫీసులో జనం నంబర్లు తీసుకుని కుర్చీల్లో కూర్చున్నారు. యొంగ్‌రాన్ నంబరు తీసుకోలేదు. నేరుగా వెళ్ళి, అరచేతిలోని స్టిక్కరును కౌంటరు మీద చరిచి అంటించింది.

"ఇది మీదేనా?"

కౌంటరులో ఉన్నది చిన్నవయసు అమ్మాయి. బెదిరిపోయి, అవునంది. ఆ డబ్బా మెట్ల కింద ఉండేదనీ, జనం అందులో బ్యాటరీలు, తినగా మిగిలినవి, ఏది పడితే అది వేశారనీ, సిరప్ కారి చీమలు పట్టి ఫిర్యాదులు వస్తే తీసేశారనీ చెప్పింది. ఊరి అవతల ఆరోగ్య కేంద్రంలో తీసుకుంటారనీ, బస్సు ఎక్కితే అరగంటేననీ అంది.

"ఏ బస్సు? పొద్దున మా ఆయన గుద్దేసిన బస్సా?"

కుర్చీల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆ ప్రమాదం సంగతి అప్పటికే ఊరంతా పాకింది. యొంగ్‌రాన్ మొత్తం చెప్పింది. పొట్లం ఎవరిదో, దాన్ని ఎవరు తెచ్చారో, ఎవరు తీసుకోనన్నారో అంతా అందరికీ వినబడేలా చెప్పింది. చెబుతున్నప్పుడు బునీ పెద్దమ్మ పేరు ఎత్తలేదు. మా బిల్డింగు ముసలామె అంది. ఆ ముసలామె తన పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉందని హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

కుర్చీల్లోంచి ఒక పెద్దాయన లేచి, మా ఇంట్లోనూ రెండు డబ్బాలున్నాయి, నాకూ ఇదే చెప్పి పంపారన్నాడు. చంటిబిడ్డను వీపుకు కట్టుకున్న ఒక అమ్మాయి, జ్వరం సిరప్‌లన్నీ సింకులో పోసేశానని ఎవరికీ కాకుండా తనలో తను అన్నట్టు అంది. ఆ గొడవకు లోపలి గదిలోంచి అధికారి బయటికొచ్చాడు. చాలా మర్యాదగా, లోపలికొచ్చి టీ తాగుతూ మాట్లాడుకుందాం రమ్మన్నాడు. ఫిర్యాదు రాసిస్తే పైవాళ్ళకు పంపుతానన్నాడు.

"టీ వద్దు. రాసేదేమీ లేదు. డబ్బా తెండి."

"అమ్మగారూ, ఇలా కలగాపులగంగా తెస్తే మేమైనా తీసుకోలేం. వేరు చేసి తేవాలి."

"అలాగా. చెప్పండి, ఎలా వేరు చెయ్యాలో," అని యొంగ్‌రాన్ ఆ హాలు మధ్యలో నేల మీద కూర్చుని సంచీ బోర్లించింది.

అధికారి చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. ఆయన ఏమనాలో ఆలోచిస్తుండగానే కౌంటరు అమ్మాయి బయటికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అట్టపెట్టెలూ లోపలి కాగితాలూ పక్కకు తియ్యాలంది. మాత్రలు ఒక సంచీలో వెయ్యాలి. పొడి మందుల పొట్లాలు విప్పకుండా అలాగే ఉంచాలి, విప్పితే గాల్లోకి లేస్తాయి. సీసాల మూతలు బిగించాలి, ఆయింట్‌మెంట్లూ కంటిచుక్కలూ వాటి గొట్టాల్లోనే ఉండాలి. బిడ్డను కట్టుకున్న అమ్మాయి కూడా వచ్చి సీసాల మూతలు బిగించింది. పెద్దాయన అట్టపెట్టెలు చదును చేశాడు.

"పొట్లాల మీద పేర్లు కొట్టెయ్యాలండీ," అని కౌంటరు అమ్మాయి నల్ల మార్కరు తెచ్చి, దగ్గరలో ఉన్న బునీ పెద్దమ్మ చేతికిచ్చింది.

జంగ్‌సిక్ పొట్లాలే ఎక్కువ. ఒక్కో దండలో ఆయన పేరు మళ్ళీ మళ్ళీ ఉంది. ముసలామె కుర్చీలో కూర్చుని దండను ఒళ్ళో పరుచుకుంది. మార్కరు మూత తీసింది. మొదటి పేరు మీద మార్కరు ఆనించి అలాగే ఉండిపోయింది. సిరా ఒకేచోట చుక్కలా పాకుతోంది. ఆమె ఏడవలేదు. చెయ్యి కదల్లేదు, అంతే.

యొంగ్‌రాన్ కాసేపు చూసింది. తరవాత లేచి వచ్చి ఆమె చేతిలోంచి మార్కరు లాక్కుంది. మెత్తగానేం లాక్కోలేదు. "ఇలా ఇవ్వు," అంది. పక్క కుర్చీలో కూర్చుని ఆ దండలన్నీ తనే కొట్టేసింది. ఒక్కో గీత గీస్తున్నప్పుడు పొట్లం చిరుగుతుందేమో అన్నంత బలంగా గీసింది. ఆ కోపం ఎవరి మీదో ఆ సమయంలో అడిగితే ఆమె చెప్పలేకపోయేది. బునీ పెద్దమ్మ ఒక్కో దండా అందిస్తూ, కొట్టేసినది తీసుకుని మడతపెట్టి సంచీలో వేస్తూ కూర్చుంది.

అంతా అయ్యేసరికి గోడౌనులోంచి పాత డబ్బాను ఈడ్చుకొచ్చారు. మూత పగిలి ఉంది. కౌంటరు అమ్మాయి తడిగుడ్డతో చీమల్ని తుడిచింది. అధికారి, ఇది తాత్కాలికంగా మాత్రమేనన్నాడు. తాత్కాలికమో శాశ్వతమో రేపొచ్చి చూసుకుంటానంది యొంగ్‌రాన్.

అన్నట్టుగానే మర్నాడు వెళ్ళింది. ఆ తరవాతా వెళ్ళింది. కొట్టు కట్టేసి, దారిలో ఆఫీసులోకి తొంగి చూసి, డబ్బా ఉందో లేదో చూసుకుని పోయేది. కొన్నాళ్ళకు దాన్ని మెట్ల కింది నుంచి కౌంటరు ఎదుటికి మార్చారు. అక్కడైతే ఎవరేం వేస్తున్నారో కనబడుతుందని ఆ కౌంటరు అమ్మాయే మార్పించిందట. మెంగ్ వెనక గదిలోని సంచుల కోసం ఎట్టకేలకు బండి వచ్చింది. అతను కొట్టుకొచ్చి, తలుపు మీద జిగురు మరక పోవడంలేదని, నువ్వే వచ్చి తుడవాలని యొంగ్‌రాన్‌తో గొడవపెట్టుకున్నాడు. ఆమె తుడవనంది. అతను తిడుతూనే నెత్తళ్ళు కొనుక్కుని వెళ్ళాడు.

సొక్‌హో లైసెన్సును కొంతకాలం ఆపేశారు. తెలియక వేసుకున్నాడని తేలినా, వేరేవాళ్ళ మందు మింగి స్టీరింగు పట్టుకున్నవాడికి బస్సు ఇవ్వమని కంపెనీ చెప్పేసింది. డిపోలో బస్సులు కడిగే పనిలో పెట్టింది. అతను ఫిర్యాదు చెయ్యలేదు. రోజూ వెళ్ళి గొట్టం పట్టుకుని చక్రాలు కడిగి వచ్చేవాడు. అలా నోరెత్తకుండా ఉండడం చూసి యొంగ్‌రాన్‌కు కడుపు మండిపోయేది. ఒకరోజు భోజనం దగ్గర ఆపుకోలేక అడిగింది, అంత నొప్పిగా ఉంటే నాకు చెప్పడానికేం, ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని కాదా, నాలుగో అంతస్తు ఎక్కి ముసలామెను అడగాలా అని.

సొక్‌హో గిన్నెలోకి చూస్తూ, "నువ్వు అరుస్తావని," అన్నాడు.

యొంగ్‌రాన్ లేచి గిన్నెలు కడిగింది. తెల్లారాక అతన్ని వెంటబెట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. దారిలో అరవలేదు. అరవకుండా ఉండడం ఆమెకు చాలా కష్టమైందని సొక్‌హో తరవాత నవ్వుతూ చెప్పేవాడు.

బునీ పెద్దమ్మతో ఆమె మాట్లాడడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే తల పంకించి తప్పుకునేది. ముసలామె తలుపు తట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఇది యొంగ్‌రాన్‌కు తెలుసు. తెలిసినా వెళ్ళలేదు. తెలిసినందుకే కోపం ఇంకా పెరిగింది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం బునీ పెద్దమ్మే కొట్టుకొచ్చింది. చేతికర్ర ఆనించి, ఒక్‌జు ఇల్లు ఎక్కడో తెలుసుకున్నాననీ, ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేదనీ చెప్పింది. యొంగ్‌రాన్ అప్పటికే రెండుసార్లు అక్కడికి వెళ్ళి, ఒక్‌జు తలుపు తియ్యకపోతే తిరిగొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా, ఒక డబ్బాలో తామరదుంపలు సర్ది, ఏప్రన్ విప్పి, కొట్టు తలుపు లాగి బయల్దేరింది.

ఒక్‌జు ఇల్లు రేవు వెనక సందులో ఉంది. ఈసారి తలుపు తీసింది. చేతికి కట్టు లేదు కానీ మణికట్టు వంకరగా అతుక్కుంది. ఎదురుగా నిలబడ్డది ఎవరెవరో తెలిశాక ఆమె లోపలికి రమ్మనలేదు. గడపలోనే నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. ఈ చేత్తో వల ముడి పడదంది. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నానంది. ఒకరేమో ఎవరిదో మందు ఇస్తారు, ఇంకొకరేమో అదేమిటో చూడకుండా మింగుతారు, మధ్యలో నా చెయ్యేం చేసిందని అడిగింది. పొరుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆమె గొంతు తగ్గించలేదు.

యొంగ్‌రాన్ నాలుక చివరిదాకా చాలా మాటలు వచ్చాయి. తన భర్తదీ నొప్పేననీ, తమకూ బతుకు పోయిందనీ, ఆఫీసువాళ్ళు తీసుకుని ఉంటే ఇదేదీ జరిగేది కాదనీ. పక్కన బునీ పెద్దమ్మ క్షమాపణగా నడుం వంచి, వంచిన నడుం ఎత్తకుండా అలాగే నిలబడింది. వయసు మీదపడ్డ ఆ నడుం అలా ఎంతసేపు నిలుస్తుందో యొంగ్‌రాన్‌కు తెలుసు. వచ్చిన మాటలన్నీ మింగేసి తనూ వంగింది. ముసలామె తూలకుండా మోచేయి కింద చెయ్యి వేసి పట్టుకుంది.

ఒక్‌జు అలిసిపోయేదాకా తిట్టింది. చివరికి గుమ్మంలో పెట్టిన డబ్బా వైపు చూసి, అదేమిటని అడిగింది. తామరదుంపలని చెప్పారు. ఎడమచేత్తో దాన్ని తీసుకుని, క్షమించానని మాత్రం అనుకోవద్దని చెప్పి తలుపు వేసుకుంది.

సందులో గాలి విసిరి కొడుతోంది. బునీ పెద్దమ్మ కర్ర అక్కడే గోడకు ఆనించి మర్చిపోతే యొంగ్‌రాన్ వెనక్కి వెళ్ళి తెచ్చింది. వచ్చే వారం మళ్ళీ రావాలి పెద్దమ్మా, ఆవిడ డబ్బా తిరిగిస్తుందిగా అంది. బస్సు స్టాపుదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే నడిచారు.